పాత గ్లైడర్‌కి పార్ట్ కావాలంటే: వెతకడం నుంచి లాగ్‌బుక్ సంతకం దాకా

"అన్నా, మా క్లబ్బు గ్లైడర్‌లో ఒక పార్ట్ అరిగిపోయింది. తయారుచేసిన కంపెనీ ఇప్పుడు లేదు. ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడే మెషిన్ షాపులో చేయించి పెట్టేసుకోవచ్చా?" అమెరికాలో వారాంతాల్లో గ్లైడర్లు, అంటే ఇంజిన్ లేని విమానాలు, ఎగరేసే మన తెలుగువాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

మనం పెరిగిన చోట పార్ట్ కొనడం అంటే పాతది చేతిలో పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌కి వెళ్ళి "ఇలాంటిదే ఇవ్వండి" అనడం. షాపతను రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఇచ్చేస్తాడు, బండి నడుస్తుంది. గ్లైడర్‌కి ఈ పద్ధతి పనికిరాదు. సరిగ్గా అతికినంత మాత్రాన అది సరైన పార్ట్ అయిపోదు. అది ఎక్కడ పుట్టింది, దేనితో చేశారు, ఎవరు చూశారు అన్నది చూపించగలగాలి. కాబట్టి డబ్బు కట్టకముందే కాగితం అడగండి. ఇక్కడ రాసినదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణలకి ష్వైట్జర్ అనే అమెరికన్ కంపెనీ గ్లైడర్లనే తీసుకుంటున్నాను. రెండు సీట్ల 2-33 అమెరికాలో ఎంతోమందికి మొదటి గ్లైడర్. 1981 దాకా దాదాపు 580 తయారయ్యాయి. ఒక్క సీటున్న 1-26 మొదటిసారి ఎగిరింది 1954లో, అవి దాదాపు 700 వచ్చాయి. ఇవి తయారుకావడం ఆగి నలభై ఏళ్ళు దాటినా ఇవాళ్టికీ ఎగురుతున్నాయంటే పార్టులు దొరికే దారి ఉన్నట్టే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- గ్లైడర్ సీరియల్ నంబరు, ఎయిర్‌వర్తీనెస్ సర్టిఫికెట్ (ఎగరడానికి తగినదని ఇచ్చే కాగితం) ఫోటో
- లాగ్‌బుక్కులు (గ్లైడర్‌కి చేసిన పనులన్నీ రాసే పుస్తకాలు) అన్నీ, మొదటి పేజీ నుంచి
- ఆ మోడల్ పార్ట్స్ కేటలాగ్, మెయింటెనెన్స్ మాన్యువల్
- ఎఫ్ఏఏ (అమెరికా ప్రభుత్వ విమానయాన సంస్థ) టైప్ సర్టిఫికెట్ డేటా షీట్. టైప్ సర్టిఫికెట్ అంటే ఆ మోడల్ డిజైనుకి ఇచ్చిన ఆమోదం. ఇది ఎఫ్ఏఏ సైట్‌లో ఉచితం.
- ఆ మోడల్‌కి వచ్చిన ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్‌ల (తప్పక పాటించాల్సిన భద్రతా ఆదేశాల) లిస్టు. మనవాళ్ళు పొట్టిగా ఏడీలు అంటారు.
- వెర్నియర్ కాలిపర్, టార్చి, చిన్న అద్దం, మంచి కెమెరా ఉన్న ఫోను
- మీ మాట వినే ఒక ఏ అండ్ పీ మెకానిక్ (ఎఫ్ఏఏ సర్టిఫికెట్ ఉన్న విమాన మెకానిక్). ఏటా యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ చేసే అధికారం ఉన్న మెకానిక్, అంటే ఐఏ, అయితే ఇంకా మేలు.

చివరిది లేకుండా మొదలుపెట్టకండి. మిగతావన్నీ మధ్యలో సమకూర్చుకోవచ్చు.

1. మీ గ్లైడర్ ఏ కేటగిరీలో ఉందో చూడండి

కాక్‌పిట్‌లో ఉండే ఎయిర్‌వర్తీనెస్ సర్టిఫికెట్ తీసి చదవండి. "స్టాండర్డ్" అని ఉంటే ఇక్కడ చెప్పే నిబంధనలన్నీ మీకు వర్తిస్తాయి. సాధారణంగా గులాబీ రంగులో ఉండే స్పెషల్ సర్టిఫికెట్ మీద "ఎక్స్‌పెరిమెంటల్" అని ఉంటే మీ దారి వేరు. యూరప్ నుంచి వచ్చిన రేసింగ్ గ్లైడర్లు చాలా ఈ కేటగిరీలో ఉంటాయి. వాటికి ఆ సర్టిఫికెట్‌తో పాటు ఇచ్చిన ఆపరేటింగ్ లిమిటేషన్స్ కాగితమే ముఖ్యం. పార్టుల విషయంలో కొంత వెసులుబాటు ఉంటుంది. అయినా ఈ జాగ్రత్తలు మీరూ పాటించండి, గాల్లో లోడు కేటగిరీ చూసి రాదు.

జర్మనీలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్నవాళ్ళు గమనించండి. అక్కడి రూల్సు వేరు, సంతకం పెట్టేవాళ్ళు వేరు. పార్ట్ నంబరు కనుక్కోవడం, వచ్చిన పార్ట్‌ని పరీక్షించడం, బిగించాక చెక్ చేయడం మాత్రం మీకూ ఇలాగే ఉంటాయి.

2. పార్ట్ నంబరు కనుక్కోండి, డాష్ తర్వాత అంకెతో సహా

"రడ్డర్ పెడల్ దగ్గరుండే ఆ చిన్న బ్రాకెట్" అని అడిగితే ఎవరూ ఏమీ ఇవ్వలేరు. కేటలాగ్ బొమ్మలో దాన్ని గుర్తించి, నంబరు మొత్తం రాసుకోండి. చివర డాష్, దాని తర్వాత అంకె ఉంటే అది అలంకారం కాదు. డాష్ 1 ఎడమవైపుది, డాష్ 2 కుడివైపుది కావచ్చు. లేదా ఒకటి పాత డిజైను, రెండోది ఏడీ వచ్చాక బలం పెంచిన డిజైను కావచ్చు. కేటలాగ్‌లో "ఫలానా సీరియల్ నంబరు నుంచి" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ చూడండి.

అదే సమయంలో ఏడీల లిస్టు తీయండి. మీరు వెతుకుతున్న పార్ట్ మీదే ఏడీ ఉంటే పాత నంబరు పార్ట్ ఎంత కొత్తగా మెరుస్తున్నా కొనకూడదు.

ఇక్కడ నాకు తగిలిన దెబ్బ చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర టో హుక్ రిలీజ్ (గ్లైడర్‌ని లాగే తాడుని పట్టి, వదిలే కొక్కెం) ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఫోటోలో హుక్‌కి, పార్ట్ చూసి బాగుందని రాసి కట్టే పసుపు ట్యాగు వేలాడుతోంది, అది చూసే ధైర్యంగా డబ్బు కట్టాను. వచ్చాక మా ఐఏ దాన్ని అటూ ఇటూ తిప్పి, గుడ్డతో ఒకచోట గ్రీజు తుడిచి, టార్చి వేసి చూపించాడు. లోహం మీద చెక్కిన నంబరు చివర ఒక అంకె, ట్యాగు మీద ఇంకో అంకె. ట్యాగు వేరే హుక్‌ది. డబ్బు పోయింది, మంచి థర్మల్స్ (గ్లైడర్‌ని పైకెత్తే వేడి గాలులు) ఉన్న మూడు వారాలు గ్లైడర్ హ్యాంగర్‌లోనే ఉండిపోయింది. అప్పట్నుంచి అమ్మేవాళ్ళని రెండు ఫోటోలు అడుగుతాను: పార్ట్ మీద నంబరు దగ్గరగా ఒకటి, ట్యాగు రెండువైపులా ఒకటి. ఆ ఫోటోలు పంపడానికి నానుస్తున్నారంటే అక్కడితో ఆ బేరం వదిలేయండి.

3. కొనకముందే ఐఏకి ఫోన్ చేయండి

ఇది పావుగంట పని. "ఈ పార్ట్ కావాలి, ఈ మూడు దారుల్లో దొరుకుతోంది, మీరు దేనికి సంతకం పెడతారు?" అని అడగండి. బిగించి లాగ్‌బుక్‌లో సంతకం చేసే మనిషిదే బాధ్యత. మీకు నచ్చిన కాగితం ఆయనకి నచ్చకపోవచ్చు. కొన్నాక వెళ్ళి "ఎలాగోలా సర్దండి సార్" అని బతిమాలడం ఇద్దరికీ ఇబ్బంది.

4. ఏ దారిలో తెచ్చుకోవాలో తేల్చుకోండి

14 సీఎఫ్ఆర్ 21.9 అనే అమెరికా ప్రభుత్వ నిబంధనలో, టైప్ సర్టిఫికెట్ ఉన్న విమానానికి పెట్టే పార్ట్ ఎలా తయారై ఉండాలో లిస్టు ఉంది. మనకి పనికొచ్చేవి ఇవీ:

టైప్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ దగ్గర కొత్తది కొనడం అన్నిటికన్నా సులువు. ఎల్మైరాలోని అసలు కంపెనీ లేకపోయినా ష్వైట్జర్ గ్లైడర్ల టైప్ సర్టిఫికెట్లు న్యూయార్క్ రాష్ట్రంలోనే కయూటాలో ఉన్న కే అండ్ ఎల్ సోరింగ్ దగ్గర ఉన్నాయి. మొదటి ఫోను అక్కడికే. వేరే గ్లైడరైతే ఆ సర్టిఫికెట్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో డేటా షీట్ మొదటి పేజీలో ఉంటుంది. కంపెనీ మూతపడినా సర్టిఫికెట్ చాలాసార్లు ఇంకొకరికి చేరుతుంది. ఎల్ఎస్ గ్లైడర్ల బాధ్యతను రోలాడెన్-ష్నైడర్ తర్వాత డీజీ కంపెనీ తీసుకుంది. గ్రోబ్ ఆస్టిర్‌లకి జర్మనీలో లిండ్నర్ ఉన్నారు. "కంపెనీ పోయింది కాబట్టి పార్టులు లేవు" అని తేల్చేసుకోకండి.

రెండోది పీఎంఏ (పార్ట్ తయారుచేసి అమ్మడానికి ఎఫ్ఏఏ ఇచ్చే అనుమతి) లేదా టీఎస్ఓ (ఎఫ్ఏఏ పెట్టిన ప్రమాణానికి సరిపోయిందన్న ఆమోదం) ఉన్న వేరే తయారీదారుల పార్ట్. చక్రాలు, బ్రేకులు, బెల్టులు, మీటర్లు ఈ దారిలో దొరుకుతాయి. పీఎంఏ పార్ట్ మీదో, చిన్నదైతే దానితో వచ్చే ట్యాగు మీదో "ఎఫ్ఏఏ-పీఎంఏ" గుర్తు, తయారీదారు పేరు, పార్ట్ నంబరు ఉండాలి. అది మీ మోడల్‌కి సరిపోతుందని కూడా రాసి ఉండాలి. పీఎంఏ ఉన్నంత మాత్రాన అన్ని గ్లైడర్లకీ పెట్టేయొచ్చని కాదు.

మూడోది నట్లు, బోల్టుల లాంటి స్టాండర్డ్ పార్ట్స్. నాలుగోది ఇంకో గ్లైడర్ నుంచి తీసిన పాతది. ఐదోది ఓనరే తయారుచేయించుకోవడం. తప్పులు ఎక్కువగా జరిగేది ఈ మూడింట్లోనే, కాబట్టి విడివిడిగా చెబుతాను.

5. నట్లు, బోల్టులు

హార్డ్‌వేర్ షాపులో బోల్టు చవక, విమానాల సామాను అమ్మేచోట ఖరీదు. ఈ విమానాల బోల్టుల్నే ఏఎన్ బోల్టులు అంటారు. "షాపులో గ్రేడ్ 8 బోల్టు ఉంది, అది ఏఎన్ బోల్టు కన్నా గట్టిది కదా" అని తెలివైన ఇంజినీర్లే అడుగుతారు. లాగుడు బలం లెక్కలో అది ఎక్కువే: గ్రేడ్ 8 చదరపు అంగుళానికి 1,50,000 పౌండ్లు, ఏఎన్ స్టీలు బోల్టు 1,25,000. కానీ రెక్కని పట్టుకునే బోల్టుకి గట్టిదనం ఒక్కటే చాలదు. విరిగేముందు కొంచెం వంగే గుణం కావాలి. మర లేని నున్నటి భాగం పొడవు ఖచ్చితంగా ఉండాలి. తుప్పు పట్టకుండా పూత ఉండాలి. ఏ స్పెసిఫికేషన్ ప్రకారం చేశారో తెలియాలి. షాపు బోల్టు వీటిలో దేనికీ జవాబు చెప్పదు.

ఏఎన్ బోల్టు నంబరు చదవడం నేర్చుకోండి. ఏఎన్3-10ఏ తీసుకుందాం. 3 అంటే లావు 3/16 అంగుళం. 10లో మొదటి అంకె అంగుళాలు, రెండోది ఎనిమిదో వంతులు, అంటే ఒక అంగుళం. చివర ఏ అంటే కాటర్ పిన్ను పెట్టే రంధ్రం లేదని. బోల్టు తల మీద కూడా భాష ఉంటుంది. నక్షత్రం లాంటి గుర్తు ఉంటే మామూలు స్టీలు, ఒక గీత ఉంటే తుప్పు పట్టని స్టీలు, రెండు గీతలుంటే అల్యూమినియం. తల మీద ఏ గుర్తూ లేని బోల్టు మీ గ్లైడర్‌లో కనబడితే, ఎవరో ఎప్పుడో షాపు బోల్టు పెట్టి వదిలేశారేమోనని అనుమానించండి. యాన్యువల్‌లో అలాంటివి దొరుకుతూనే ఉంటాయి.

ఈ విషయంలో తరచూ చేసే తప్పులు:

- మర భాగం రంధ్రం లోపల పడేలా పొట్టి బోల్టు పెట్టడం. లోడు పడాల్సింది నున్నటి భాగం మీద.
- తిరిగే జాయింట్‌లో నైలాన్ లాక్ నట్టు పెట్టడం. కంట్రోల్ రాడ్డు కదిలినప్పుడు బోల్టు తిరిగే చోట కాజిల్ నట్టు, కాటర్ పిన్ను ఉండాల్సిందే.
- పాత లాక్ నట్టు మళ్ళీ వాడటం. వేళ్ళతోనే చివరిదాకా తిరిగిపోతే దాని పని అయిపోయింది, పారేయండి.
- "చేతి లెక్క"తో బిగించడం. ఏఎన్3కి మామూలుగా 20 నుంచి 25 ఇంచ్-పౌండ్లు, ఏఎన్4కి 50 నుంచి 70. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. చిన్న టార్క్ రెంచ్ ఒకటి కొనుక్కోండి, కారు చక్రాలకి వాడేది దీనికి పనికిరాదు.

కొన్న ప్రతి పాకెట్‌తో వచ్చే ఇన్‌వాయిస్, సర్టిఫికెట్ ఆఫ్ కన్ఫార్మెన్స్ ఫైల్లో పెట్టండి. బోల్టుల్ని డబ్బాలో కలిపేయకండి. కలిపేశాక ఏది ఎక్కడిదో దేవుడికే తెలియాలి.

6. పాత గ్లైడర్ నుంచి తీసిన పార్ట్

1-26 అసోసియేషన్ లాంటి సంఘాల్లో సభ్యులైతే ఎవరి హ్యాంగర్‌లో ఏం మిగిలి ఉందో తెలుస్తుంది. నా అనుభవంలో మంచి పార్టులు ఇలా మనుషుల ద్వారా దొరికినవే. ఇక్కడ అడగాల్సినవి:

ఏ గ్లైడర్ నుంచి తీశారు, దాని సీరియల్ నంబరు ఎంత? ఎందుకు విప్పారు? గాలివానకి హ్యాంగర్ కూలితే విప్పారా, నేలకి గుద్దుకుంటే విప్పారా? ఎన్ని గంటలు ఎగిరింది, ఎన్ని లాంచ్‌లు? లాగ్‌బుక్ పేజీల కాపీలు ఇస్తారా?

చరిత్ర ఎందుకంత ముఖ్యమో బ్లానిక్ ఎల్-13 అనే గ్లైడర్ చెబుతుంది. 2010 జూన్‌లో ఆస్ట్రియాలో ఒక ఎల్-13 రెక్క గాల్లోనే విరిగిపోయి ఇద్దరు చనిపోయారు. రెక్క స్పార్‌లో (రెక్క బరువంతా మోసే లోపలి దూలంలో) లోహం అలసిపోయి పగిలింది. ఆ తర్వాత యూరప్‌లో, అమెరికాలో ఆ మోడల్ గ్లైడర్లని నేలకి దించేశారు. బయటికి అంతా బాగానే ఉన్న రెక్క లోపల ఎంత అలసిపోయిందో కంటికి కనబడదు. అది ఎన్ని గంటలు, ఎలా ఎగిరిందో తెలిస్తేనే లెక్క వేయగలం. అందుకే రెక్క, స్పార్ ఫిట్టింగులు, లిఫ్ట్ స్ట్రట్ లాంటి లోడు మోసే పార్టుల్ని చరిత్ర లేకుండా ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. సీటు పలక, ఇన్‌స్పెక్షన్ మూత, ట్రిమ్ నాబ్ లాంటివైతే అంత టెన్షన్ అక్కర్లేదు. మెకానిక్ చూసి, నంబరు కలిస్తే పెట్టేయొచ్చు.

పసుపు ట్యాగు గురించి ఒక మాట. చాలామంది దాన్ని గవర్నమెంటు ముద్రలా చూస్తారు. అది వాడుకలో వచ్చిన అలవాటే. దాని మీద ఎవరి సంతకం ఉంది, ఏ రిపేర్ స్టేషన్, ఏం పని చేశారు అన్నదే విలువ. పార్ట్ బిగించడానికి తగినదని చెప్పే ఎఫ్ఏఏ 8130-3 ఫారం బలమైన కాగితం. యూరప్ నుంచి కొత్త పార్ట్ తెప్పిస్తే, అలాంటిదే అక్కడి విమానయాన సంస్థ ఈఏఎస్ఏ ఫారం 1 రావాలి. ఆర్డర్ ఇచ్చేటప్పుడే "ఫారం 1 తో సహా" అని రాయించండి, పార్ట్ వచ్చేశాక అడిగితే దొరకడం కష్టం.

సీటు బెల్టుల దగ్గర చూడాల్సింది లేబుల్. టీఎస్ఓ నంబరు, తయారీ తేదీ ఉన్న లేబుల్ చిరిగిపోతే ఆ బెల్టు ఏమిటో ఎవరూ చెప్పలేరు. ఎండకి రంగు వెలిసి, అంచులు నూలుపోగుల్లా లేచిన బెల్టుని బయట టైలర్ చేత కుట్టించకండి. ఆ పనికి అధికారం ఉన్న షాపులకి పంపితే కొత్త పట్టీ వేసి, కొత్త లేబుల్‌తో తిరిగి పంపుతారు.

7. ఓనర్‌గా మీరే తయారుచేయించుకోవడం

ఇది చట్టబద్ధమైన దారి. 21.9లోనే ఉంది. తమ సొంత గ్లైడర్‌ని మెయింటెయిన్ చేసుకోవడానికి ఓనరు పార్ట్ తయారుచేయవచ్చు. క్లబ్బు గ్లైడరైతే ఓనరు క్లబ్బే, కాబట్టి క్లబ్బు తరఫున ఒకరికి ఆ బాధ్యత రాతపూర్వకంగా అప్పజెప్పండి. మీ చేత్తోనే చేయాలని లేదు, మెషిన్ షాపులో చేయించవచ్చు. కానీ "చేసిపెట్టండి" అని డబ్బిచ్చి వచ్చేస్తే అది మీరు తయారుచేసినట్టు కాదు. వీటిలో కనీసం ఒకదానిలో మీ పాత్ర ఉండాలని ఎఫ్ఏఏ చెబుతుంది: డిజైన్ వివరాలు మీరివ్వడం, మెటీరియల్ మీరివ్వడం, తయారీ పద్ధతి మీరు చెప్పడం, నాణ్యత ఎలా చూడాలో మీరు చెప్పడం, దగ్గరుండి చేయించడం. నేనైతే ఐదూ చేయమంటాను. పని మీ చేతుల్లో ఉంటుంది, రేపు ఎవరడిగినా జవాబుంటుంది.

2-33 ముక్కు కింద ఉండే స్కిడ్‌నే తీసుకోండి. దిగిన ప్రతిసారీ నేలకి రాసుకుని దాని కింది స్టీలు పట్టీ అరుగుతుంది. మొదటిసారి చేయించేవాళ్ళకి ఇలాంటిది మంచి పాఠం. పని ఇలా సాగాలి:

(అ) డ్రాయింగ్ సంపాదించండి. టైప్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళని అడగండి. ఇవ్వలేమంటే, చెక్కుచెదరని ఒరిజినల్ పార్ట్ నుంచి కొలతలు తీయాలి. అందరూ పొరబడేది ఇక్కడే: అరిగిపోయిన పార్ట్‌ని కొలిచి, అరిగిపోయిన పార్ట్‌నే మళ్ళీ తయారుచేస్తారు. రంధ్రం గుండ్రంగా కాకుండా కోలగా ఉంటే అది డిజైను కాదు, అరుగుదల. మందం కొలిచేటప్పుడు నేల తగలని అంచు దగ్గర, బోల్టు తల కింద దాగి ఉన్న చోట కొలవండి. వీలైతే ఇంకో గ్లైడర్ మీది పట్టీ కూడా కొలిచి రెండూ పోల్చండి.

(ఆ) మెటీరియల్ తెప్పించండి. ఏ స్టీలో డ్రాయింగ్ చెప్పాలి. 4130 (ఒక రకం స్టీలు) అని ఉంటే 4130 షీట్‌ని మిల్ సర్టిఫికెట్‌తో (స్టీలు కంపెనీ ఇచ్చే కాగితంతో) సహా కొనండి. సర్టిఫికెట్ మీది హీట్ నంబరు (ఏ విడతలో కరిగించి చేశారో చెప్పే నంబరు) షీట్ మీద అచ్చువేసిన నంబరుతో కలవాలి. కోసే ముందు ఆ అచ్చు ఉన్న మూలని ఫోటో తీయండి. నేను ఆ మూల ముక్కని కోసి, చిన్న రంధ్రం వేసి, తీగతో ఫైల్‌కి కట్టి ఉంచుతాను.

(ఇ) షాపుకి డ్రాయింగ్ కాపీ, చేయాల్సిన పద్ధతి, చూడాల్సిన కొలతలు ఒక పేజీలో రాసివ్వండి. ఎక్కడ వంచాలి, ఎంత వ్యాసార్థంతో వంచాలి, వెల్డింగ్ ఉండాలా వద్దా అన్నీ అందులో ఉండాలి. మొదటి ముక్క కోసేటప్పుడు మీరు అక్కడ ఉండండి.

(ఈ) చేశాక ప్రతి కొలతా మీరే తీసి, డ్రాయింగ్‌లోని అంకె పక్కన మీకొచ్చిన అంకె రాసి, సంతకం పెట్టి తేదీ వేయండి. పార్ట్ మీద ఒక గుర్తు వేయండి. అది తయారీదారు నంబరులా కనబడకూడదు. గ్లైడర్ రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరం చాలు.

రెండు హెచ్చరికలు. ఇలా చేసిన పార్ట్ మీ గ్లైడర్‌కే. "ఒకేసారి నాలుగు చేయిస్తే చవక, మూడు అమ్మేద్దాం" అనుకుంటే అది అనుమతి లేని తయారీ అయిపోతుంది. రెండోది: రెక్క ఫిట్టింగ్, స్ట్రట్, వేడి చేసి గట్టిపరచాల్సిన భాగాలు, వెల్డింగ్ మీద ప్రాణం ఆధారపడే భాగాలు ఈ దారిలో మొదలుపెట్టకండి. చట్టం ఒప్పుకోవచ్చు, కానీ అది సరిగ్గా ఉందని నిరూపించే పరికరాలు మన దగ్గర ఉండవు.

8. పార్ట్ ఇంటికి రాగానే

పెట్టె తెరిచేటప్పుడే ఫోటోలు తీయండి. పార్ట్ మీది నంబరు, ట్యాగు మీది నంబరు, ఇన్‌వాయిస్ మీది నంబరు మూడూ ఒకటేనా చూడండి. తేదీలు చూడండి. కొత్తదని చెప్పిన పార్ట్ రంధ్రాల లోపల స్పానర్ గీతలు, పెయింట్ కింద పాత పెయింట్ ఉన్నాయంటే అది ఎక్కడో వాడి తీసింది. ఫారంలో అక్షరాలు వంకరగా, నంబరు దిద్దినట్టు, సంతకం ఫోటోకాపీలా ఉంటే డూప్లికేట్ కావచ్చు. అలాంటిది పక్కన పెట్టి ఐఏకి చూపించండి. అనుమానాస్పద పార్టుల మీద ఎఫ్ఏఏకి ఫిర్యాదు చేయడానికి 8120-11 అనే ఫారం ఉంది. వెనక్కి పంపి డబ్బు తెచ్చుకుంటే మీ పని అయిపోతుంది కానీ, అదే పార్ట్ రేపు ఇంకొకరి గ్లైడర్‌లోకి వెళుతుంది. దయచేసి ఫిర్యాదు చేయండి.

9. బిగించడం, చెక్ చేయడం

టైర్ మార్చడం, బెల్టులు మార్చడం లాంటి కొన్ని పనులు, ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ ఉన్న ఓనరు తనే చేసి సంతకం పెట్టవచ్చు. మిగతావి మెకానిక్ చేయాలి, లేదా ఆయన దగ్గరుండి మీ చేత చేయించాలి.

కంట్రోల్ కేబుల్ మార్చినప్పుడు చూడాల్సినవి ఎక్కువ, కాబట్టి దానిమీద కాసేపు ఆగుతాను. 1/8 అంగుళం 7x19 (ఒక్కోదానిలో 19 తీగలున్న ఏడు పేటలు) గాల్వనైజ్డ్ కేబుల్ కనీసం 2,000 పౌండ్లు తట్టుకోవాలి. అదే లావు స్టెయిన్‌లెస్ 1,760. అంటే మెరుస్తోందని ఒకదాని బదులు ఇంకొకటి పెట్టేయకూడదు, డ్రాయింగ్ ఏది చెబితే అదే. చివర మడతకి నికోప్రెస్ స్లీవ్ (టూల్‌తో నొక్కి బిగించే లోహపు తొడుగు) వేస్తే, నొక్కిన ప్రతి చోటా గో-నోగో గేజ్‌తో చూడాలి. గేజ్ గాడి స్లీవ్ మీదుగా జారితే సరిగ్గా నొక్కినట్టు. జారకపోతే టూల్ సర్దాల్సి ఉంది. "చూడ్డానికి బాగానే ఉంది" అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. టర్న్‌బకిల్ (కేబుల్ బిగువు సర్దే మరల జాయింట్) బిగించాక బ్యారెల్ బయట రెండు వైపులా మూడు మరల కంటే ఎక్కువ కనబడకూడదు. తర్వాత సేఫ్టీ వైర్ చుట్టండి.

తర్వాత కాక్‌పిట్‌లో కూర్చోండి. కంట్రోల్ కర్రని (స్టిక్) పిడికిట పట్టి బొటనవేలు పైకి నిలబెట్టండి. కర్రని కుడికి వంచండి. బొటనవేలు ఎటు చూపిస్తే ఆ వైపు ఎయిలెరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) పైకి లేవాలి. కర్ర వెనక్కి లాగితే ఎలివేటర్ (తోక దగ్గర కదిలే పలక) పైకి. ఇది చిన్నపిల్లల పరీక్షలా అనిపిస్తుంది. కానీ కేబుళ్ళు తారుమారై కంట్రోళ్ళు ఉల్టాగా పనిచేసి జరిగిన ప్రమాదాలు విమానయానంలో నిజంగానే ఉన్నాయి. ఆ తర్వాత ఒక మనిషిని బయట నిలబెట్టి, ఎయిలెరాన్‌ని చేత్తో మెల్లగా అడ్డుకోమని, లోపల నుంచి మీరు కర్ర కదపండి. ఎక్కడైనా ఖాళీ ఆడుతోందా, కిర్రుమంటోందా చూడండి. ఈ పని చేయని మూడో మనిషిని పిలిచి అన్నీ మొదటి నుంచి చూడమనండి. చేసిన కళ్ళకి తమ తప్పు కనబడదు.

టో హుక్ మార్చితే తాడుకి నిజమైన రింగు పెట్టి, లాగి పట్టుకుని, రిలీజ్ లాగి చూడండి. ఒకసారి కాదు, పది సార్లు. వదులుగా ఉన్నప్పుడు, బిగుతుగా ఉన్నప్పుడు, కొంచెం పక్కకి లాగినప్పుడు. రింగు కూడా సరైనదేనా చూడండి. ష్వైట్జర్ హుక్‌కి ఒంటి రింగు, టోస్ట్ హుక్‌కి జంట రింగు.

బరువు మారే పార్ట్ అయితే పాతదీ కొత్తదీ వంటింటి త్రాసు మీదైనా తూచి రాసుకోండి. వెయిట్ అండ్ బ్యాలెన్స్ కాగితం మార్చాలా వద్దా అన్నది ఐఏ చెబుతారు.

10. లాగ్‌బుక్

లాగ్‌బుక్‌లో ఏం పని చేశారు, ఎప్పుడు ముగించారు, ఎవరు చేశారు, సంతకం, సర్టిఫికెట్ నంబరు, అది ఏ రకం సర్టిఫికెట్ అన్నవి ఉండాలి. "స్కిడ్ బాగుచేశాం" అని రాస్తే పదేళ్ళ తర్వాత కొనేవాళ్ళకి ఏమీ అర్థం కాదు. "ముక్కు స్కిడ్ కింది పట్టీ తీసి, ఫలానా డ్రాయింగ్ ప్రకారం ఓనరు తయారుచేసిన పట్టీ బిగించాం, మెటీరియల్ 4130, హీట్ నంబరు ఇది, తయారీ రికార్డు ఫైల్లో ఉంది" అన్న సారం ఇంగ్లీషులో రాయండి. తయారుచేసినట్టు ఓనరు సంతకం వేరు, బిగించినట్టు మెకానిక్ సంతకం వేరు. రెండూ ఉండాలి. పని పెద్ద రిపేరు కిందకో పెద్ద మార్పు కిందకో వస్తే 337 ఫారం కూడా నింపాలి, అది ఐఏ చూసుకుంటారు.

ట్యాగులు, ఫారాలు, మిల్ సర్టిఫికెట్, కొలతల పేజీ, ఫోటోలు అన్నీ స్కాన్ చేసి ఇద్దరు సభ్యుల దగ్గర ఉంచండి. మా క్లబ్బులో ఒకసారి హ్యాంగర్ పైకప్పు కారి లాగ్‌బుక్ సగం తడిసిపోయింది. స్కాన్ ఉండబట్టి బతికిపోయాం.

11. తీసేసిన పార్ట్

దీన్ని ఎవరూ పట్టించుకోరు. పగిలిన బ్రాకెట్, సాగిపోయిన బోల్టు, తెగిన పోగులున్న కేబుల్ హ్యాంగర్ మూల డబ్బాలో పడి ఉంటాయి. మూడేళ్ళ తర్వాత క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళు ఆ డబ్బా తెరిచి "అరె, స్పేర్ ఉందే" అంటారు. లేదా ఎవరో మొత్తం డబ్బాని తుక్కు కింద అమ్మేస్తారు, అందులోంచి ఒకటి శుభ్రంగా తుడుచుకుని మళ్ళీ అమ్మకానికి వస్తుంది. యాన్యువల్ పూర్తై, సంతకాలన్నీ అయ్యేదాకా పాత పార్ట్‌ని ట్యాగు కట్టి ఉంచండి, పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఆ తర్వాత బ్రాకెట్‌ని రంధ్రాల మీదుగా రంపంతో రెండు ముక్కలు చేయండి, బోల్టుని మర దగ్గర కోసేయండి, కేబుల్‌ని అడుగేసి ముక్కలుగా కత్తిరించండి. పార్ట్ నంబరు ఉన్న చోటు గ్రైండర్‌తో చెరిపేసి, ముక్కలన్నిటికీ ఎర్ర పెయింట్ కొట్టి, అప్పుడు చెత్తబుట్టలో వేయండి.